లచ్చమ్మ పోసిన నీళ్లు

మన నల్లగండ్ల పెద్దల సంఘం వార్షిక సంచికలో ఏటా ఒక మనిషి జీవితం గురించి రాసే పని నాది. ఇంతవరకు రిటైరైన ఇంజినీర్ల గురించి రాశాను, ఒక తహసీల్దారు గారి గురించి రాశాను. ఈసారి మా అక్క లచ్చమ్మ గురించి రాస్తానంటే కమిటీలో ఒకరిద్దరు నవ్వారు. ఎందుకు నవ్వారో నాకు తెలుసు. ఆ వీడియో ఇంకా వాళ్ల ఫోన్లలో ఉంది. దానికి ముందేముందో, వెనకేముందో వాళ్లకు తెలియదు. అందుకే రాస్తున్నాను.

రాసేవాడెవడో కూడా తెలియాలి కదా. నా పేరు పెంటయ్య. గోపన్‌పల్లి సర్కారు బడిలో ఏడో తరగతి పరీక్షకు కూర్చున్నవాళ్లలో మొదటివాణ్ణి. జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో హెల్పరుగా చేరి షిఫ్టు సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. నా షిఫ్టులో ఒక్కనాడూ ఒక్క మనిషికీ దెబ్బ తగల్లేదు. దానికి కప్పిన శాలువాలు బీరువాలో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూడొచ్చు. మన గేటు ముందు బస్సు ఆగుతున్నదంటే నా అర్జీల వల్ల. క్లబ్‌హౌస్‌లో గ్రంథాలయం పెట్టించింది నేను. కాలనీ పాట రాసింది నేను. ఇంత చేసినవాడిని, ఆ రోజు మ్యూజియంలో మా అక్క పక్కన నిలబడి నోరు విప్పలేకపోయాను. విప్పొద్దని ఆమే నా చెయ్యి పట్టుకుంది. అదెందుకో చెప్పాలంటే ముందు ఆమె సంగతి చెప్పాలి.

లచ్చమ్మ పుట్టిందీ గోపన్‌పల్లే, మెట్టిందీ గోపన్‌పల్లే. మేనబావను చేసుకుని రెండు వీధులు దాటి అత్తగారింటికి వెళ్లింది. చిన్నప్పుడు నేను బడికి పోనని ఏడిస్తే నన్ను చంకనేసుకుని తీసుకుపోయి, బడి విడిచిందాకా కిటికీ కింద కూర్చునేది. లోపల నాకు అక్షరాలు వచ్చాయి. బయట ఆమెకు రాలేదు. లోపలికి వచ్చి కూర్చోమని సారూ అనలేదు, మా నాయనా అనలేదు.

నాట్లు వేసింది, కలుపు తీసింది, భర్త పోయాక ఒక్కతే ఎవుసం చేసి కొడుకు వేణును చదివించింది. పొలాలు పోయి అపార్టుమెంట్లు లేచాయి. వేణు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో కుదిరి నల్లగండ్లలో తొమ్మిదో అంతస్తులో ఫ్లాట్ కొన్నాడు. అప్పటినుంచి ఆమె ఎవుసమంతా బాల్కనీలోనే. ఖాళీ పెయింటు డబ్బాల్లో గోంగూర, ఒక కరివేపాకు చెట్టు, పాకుతున్న చిక్కుడు తీగ. పొద్దున్నే వాటికి చెంబులతో నీళ్లు పోస్తే ఎనిమిదో అంతస్తులో బాలాత్రిపురసుందరి గారు ఆరేసుకున్న చీరల మీద పడతాయి. "లచ్చమ్మగారూ, నేను ఒకసారి ఉతుక్కున్నానండీ, మళ్లీ మీరు ఉతకక్కర్లేదు" అని కిందినుంచి ఆవిడ కేకేస్తుంది. "ఎండిపోతే ఎట్లనమ్మా, వాటికి గూడ పానముంటది గదా" అని పైనుంచి ఈమె.

ఎండినదేది కనబడినా ఓర్చుకోలేదు మా అక్క. అది చెట్టే కానక్కర్లేదు.

కోస్తా నుంచి వచ్చిన మన మిత్రుల కోసం ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు ఊరు కట్టేటప్పుడు నడిమధ్యన ఒక రాయి పాతుతారు. దాన్ని బొడ్రాయి అంటారు. ఊరికి అది బొడ్డు. పండుగనాడు ఆడవాళ్లు నెత్తిన బిందెలతో వచ్చి దానిమీద నీళ్లు పోసి, పసుపూ కుంకుమా పెట్టి మొక్కుతారు. మొదటి బిందె మా అక్క అత్తగారింటి నుంచి వెళ్లాలని ఆనవాయితీ. కోడలిగా అడుగుపెట్టిన ఏటినుంచి ఆ బిందె మా అక్కదే. ఆమె కొంగు ముడిలో ఎప్పుడూ పసుపు పొట్లం ఒకటి ఉండేది. అది ఆ ఇంటి కోడళ్ల అలవాటు.

ఇక హర్షిణి. వేణు కూతురు, మా అక్క పెంచిన పిల్ల. కంప్యూటర్లు చదవమంటే వినకుండా సాహిత్యం చదివింది. కథలు రాస్తుంది. హైటెక్ సిటీ అవతల కొత్తగా తెరిచిన ఒక ఆర్ట్ మ్యూజియంలో ఉద్యోగం దొరికింది, ఇంకా పర్మనెంట్ కాలేదు. అక్కడ బొమ్మల పక్కన గోడమీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంటుంది. అది చదివి బుర్ర గోక్కుని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. మామూలు జనమైతే గేటు దాకా కూడా రారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లను, పెద్దవాళ్లను పిలిచి, బొమ్మ చూసి వాళ్లకు తోచిన కథో పాటో మాటో చెప్పించి, దాన్ని తెలుగులో బోర్డు చేసి బొమ్మ పక్కన పెడదామని ఈ పిల్ల ఆలోచన. దాని పైఅధికారి ఉమాశ్రీ మేడమ్ సరేనంది. మొదటి జట్టుగా మన సంఘాన్ని పిలిచారు. బస్సు కూడా నేనే మాట్లాడాను.

వెళ్లేముందు హర్షిణి అక్కతో మెల్లగా అన్నది నేను విన్నాను.

"నానమ్మా, ఆడ నన్ను బిడ్డా అని పిలవకు. నా ఇంటోళ్లనే తెచ్చి నింపిననుకుంటది మేడమ్. నౌకరీ ఇంకా పక్కా కాలే."

"గట్లనే తియ్. మేడమ్ అని పిలుస్తగని" అని నవ్వింది అక్క. "ఉమాశ్రీ మేడమ్, హర్షిణి మేడమ్. ఇంట్ల అన్నం తినని మేడమ్."

మ్యూజియం చల్లగా, తెల్లగా ఉంది. మాటలు గోడలకు తగిలి తిరిగి వస్తున్నాయి. ఉమాశ్రీ గారు రాజమండ్రి వైపు మనిషి, కలుపుగోలుగా మాట్లాడింది. "ఇక్కడ తప్పు సమాధానం అంటూ లేదండి. మొహమాటపడకండి. ఇది మీ ఇల్లే అనుకోండి" అంది. మేం ఒక పెద్ద గదిలోకి వెళ్లాం. శ్యామ్ అనే విశాఖ కుర్రాడు చేసిన కళాకృతి అక్కడుంది. కూలగొట్టిన పాత ఇళ్ల గోడల మట్టి తెచ్చి గుండ్రంగా అరుగు కట్టాడు. అరుగంతా సున్నంతో, నీలిరంగుతో సన్నటి ముగ్గు. మధ్యలో నిలువుగా ఒక నల్లరాయి. చుట్టూ నేలమీద పసుపుపచ్చ టేపు గీత.

నేను ఉమాశ్రీ గారికి కాలనీ పాట చరణం వినిపిస్తున్నాను. ఆవిడ చప్పట్లు కొట్టబోతుండగా సైరన్ లాంటి చప్పుడు మోగింది.

తిరిగి చూస్తే మా అక్క చెప్పులు గీత ఇవతల జంటగా విడిచి ఉన్నాయి. ఆమె గీత అవతల ఉంది. షుగర్ మాత్రల కోసమని లోపలికి తేనిచ్చిన నీళ్ల సీసా రాయి మీద ఒంపుతోంది. చివరి చుక్కదాకా ఒంపింది. కొంగు ముడి విప్పి రాయికి పసుపు రాసింది. రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకుంది. ఆ చప్పుడు తన గురించేనని ఆమెకు తెలియదు.

నీళ్లు రాయి మీదుగా దిగి సున్నం ముగ్గును కడుక్కుంటూ పోయాయి. నీలిరంగు పాలలా పారింది. అరుగు ఒకవైపు మెత్తబడి మట్టిపెళ్ల జారిపడింది.

కాపలా ఉన్న తిమ్మప్ప పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా! ఏం చేసినవమ్మా! నా నౌకరీ తీస్తవా ఏంది?"

అక్క కళ్లు తెరిచింది. మొదట అతన్ని చూసింది, తర్వాత ముగ్గును చూసింది. చేతిలో ఖాళీ సీసా. పసుపు చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చీరకు తుడుచుకోబోయి ఆగిపోయింది. వేరే జనం కూడా వచ్చారు. ఎవరో ఫోను ఎత్తారు. "హలో ఆంటీ, ఇది గుడి కాదు" అని ఒక కుర్రగొంతు, నవ్వులు.

ఉమాశ్రీ గారి ముఖం పాలిపోయింది. హర్షిణి వైపు తిరిగి అడిగింది. "ఎవరావిడ? నీకు తెలుసా?"

హర్షిణి మా అక్కను చూసింది. అక్క హర్షిణిని చూసింది.

"అసోసియేషన్ వాళ్లతో వచ్చినట్టున్నారు మేడమ్" అంది హర్షిణి.

నాకు చెవులు వేడెక్కాయి. నేను నోరు తెరిచాను. అక్క తడిచేత్తో నా మణికట్టు పట్టుకుంది. కలుపు పీకిన చెయ్యి అది, ఎముక నొచ్చింది. నా వైపు చూడకుండా ఉమాశ్రీ గారితో అంది.

"అవునమ్మా. వీళ్ల బస్సుల వచ్చిన. నేను ఎవ్వలకేం గాను. తప్పయింది."

నా మణికట్టు మీద పసుపు మరక బస్సెక్కేదాకా అలాగే ఉంది.

బస్సులో ఎవరూ కావాలని ఎగతాళి చెయ్యలేదు. చెయ్యకుండా ఉండనూలేదు. బాలాత్రిపురసుందరి గారు వాతావరణం తేలిక చేద్దామని, "పోన్లెండి లచ్చమ్మగారూ, ఇన్నాళ్లూ నా చీరలకే అనుకున్నాను, మ్యూజియానికి కూడా పోశారు" అంది. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వబోయింది, నవ్వు రాలేదు. కొంగు తలమీద కప్పుకుని కిటికీ వైపు తిరిగింది. మేం దిగేసరికే వీడియో మన గ్రూపులో ఉంది. నవ్వే బొమ్మలు వరసగా పెట్టారు. నేను సంఘం అధ్యక్షుడి హోదాలో దాన్ని తీసేయమని రాశాను. తీసేశారు. చూసినవాళ్ల కళ్లలోంచి తీసేయడం నా చేతిలో లేదు.

ఆ తర్వాత అక్క కిందికి దిగడం మానేసింది. పొద్దుటి నడక లేదు, క్లబ్‌హౌస్‌లో ముచ్చట్లు లేవు. లిఫ్టులో ఎవరైనా ఉంటే తలుపు మూసుకునేదాకా పక్కకు నిలబడేదట. కొంగు ముడిలో పసుపు పొట్లం పోయింది. బాల్కనీలో చెట్లకు చెంబుతో కాక గిన్నెతో, కొంచెం కొంచెం పోసేది. "ఎవ్వలమీద వడొద్దు" అనేది. కింద బాలాత్రిపురసుందరి గారు నాతో అంది: "పెంటయ్యగారూ, వారమైంది నా చీర తడవలేదండీ. నాకేం బాలేదు."

నేను రెండు మూడుసార్లు పైకి వెళ్లాను. ఎంత సముదాయించినా ఒకటే మాట.

"నా మొకం నాకే సూడబుద్ధైతలే తమ్మీ. అంత పెద్ద ముసల్దాన్ని, రాయికీ బొమ్మకీ తేడా ఎరగకపోతినా? పిల్ల తలకాయ వంచుకునేటట్టు చేస్తినా?"

"పిల్ల అన్న మాట సంగతేంది మరి?" అన్నాను.

"పిల్ల ఏమన్నది? ఏమనలే." నా వైపు వేలు చూపించింది. "వేణుగానికి జెప్పినవో, నువ్వు నాకు తమ్మునివి గావు."

హర్షిణి ఆలస్యంగా ఇంటికి వచ్చేదట. పెట్టిన అన్నం కెలికి లేచిపోయేదట. అక్క అడిగింది ఒక్కటే ప్రశ్న: "నౌకరీ ఉన్నది గదా?" "ఉన్నది నానమ్మా." అంతే. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడలేక తిరుగుతున్నారు.

ఒక ఆదివారం హర్షిణి గ్రంథాలయానికి వచ్చింది. నేను దినపత్రికలు సర్దుతున్నాను. కుర్చీ లాక్కుని కూర్చోలేదు, నిలబడే మాట్లాడింది.

"తాతా, శ్యామ్ ఫోన్ చేసిండు మేడమ్‌కి. కోపం చెయ్యలేదట. ముగ్గు మళ్ల పెడ్తడట. కానీ నీళ్లు పోసిన ఆమె ఏమనుకుని పోసిందో ఆమె మాటల్లనే కావాలన్నడు. ఆ రాయి పక్కన బోర్డు అదే ఉండాలన్నడు. మేడమ్ నన్ను అడిగింది. ఆమె మాటలు కొంచెం తీసుకొస్తవా?"

"ఎవరి మాటలు?"

"ఆమె... నీళ్లు పోసిన..."

"ఆమెకు పేరు లేదా?"

పిల్ల పత్రికల బల్ల అంచును గోటితో గీరుతూ నిలబడింది. నాకు జాలి వేసింది, కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే నేను నా పద్యం గురించి మాట్లాడతాను.

"మ్యూజియం నుంచి వచ్చినంక నేను ఆ రాయి మీదనే నాలుగు సీస పద్యాలు రాసి నీకిచ్చిన గదా. అవి పెట్టొచ్చు."

"చదివిన తాతా. బాగున్నయ్. కానీ అండ్ల రాయి లేదు. మొత్తం నువ్వే ఉన్నవ్."

ఈ మాట నాకింతవరకు ఎవరూ అనలేదు. పత్రికలు పక్కన పెట్టాను.

"నేను తెచ్చియ్య. నువ్వే పోయి అడుగు. నడు, నేనొస్త వెంబడి."

అక్క వంటింట్లో నేలమీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నేను భోజనాల బల్ల దగ్గర పేపరు పట్టుకుని కూర్చున్నాను. హర్షిణి వెళ్లి ఎదురుగా కింద కూర్చుంది. కాసేపు తనూ కాయలు వలిచింది. ఒకటి తీయబోయి కాయంతా చీల్చింది.

"గట్ల గాదే. కొన పట్టుకుని గుంజు" అంది అక్క.

"నానమ్మా."

"ఊఁ."

"ఆ రోజు నేను..."

"ఒద్దు" అంది అక్క వెంటనే. "నేను ఇనలే."

"ఇన్నవ్."

అక్క చేతులు ఆగాయి. "ఇన్న గని తప్పు వట్టలే. ఎవ్వలైన గట్లనే అంటరు. నన్ను జూస్తే నాకే సిగ్గైంది, నీకు గాకుంటదా?"

హర్షిణి ఏడ్చింది. చప్పుడు లేకుండా, చిక్కుడుకాయ చేతిలో పట్టుకునే. అక్క దాని తల దగ్గరికి తీసుకోలేదు. చెయ్యి చాచింది కానీ మధ్యలో ఆపి, పళ్లెం దానివైపు జరిపింది. "మిగిలినయి నువ్వు తీయ్" అంది.

ఈనెలు తీస్తూ హర్షిణి అడిగింది. "ఎందుకు పోసినవ్ నానమ్మా?"

"ఎండిపోయి ఉండె గద."

అక్కడినుంచి మొదలుపెట్టింది. నేను పేపరు తిప్పడం మరిచాను. అన్నీ చెప్పాక మాత్రం గట్టిగా అంది. "ఇది ఎక్కడా రాయకు. గోడకు పెడ్తే ఇంకింత సిగ్గు."

పిల్ల రాసింది. రాసి, మరునాడు వంటింట్లోనే కూర్చోబెట్టి చదివి వినిపించింది. అక్క ఒకటి రెండు చోట్ల సరిచేసింది. "సగం నీళ్లు గాదు, సగానికెక్కువ పడ్డయి" అంది. చివరి వాక్యం దగ్గరికొచ్చేసరికి ఉలిక్కిపడింది.

"ఇది తీసెయ్. గీ ఆఖరిది. మేడమ్‌కి ఎరుకైతే నౌకరీ పోతది."

"మేడమ్‌కి పొద్దుగాల నేనే చెప్పిన."

"ఏమన్నది?"

"జరసేపు కిటికీలకెళ్లి చూసింది. ఆ రోజే చెప్తే ఆవిణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చేదాన్ని కదమ్మా అన్నది." హర్షిణి తల వంచుకుంది. "నౌకరీ సంగతి వచ్చే నెల చూస్తరంట. పోతే పోతది."

బోర్డు పెట్టాక చూడ్డానికి మ్యూజియానికి రమ్మంటే అక్క రానని భీష్మించింది. నేను బతిమాలాను, నా శాలువాల మీద ఒట్టు వేశాను. చివరకు బాలాత్రిపురసుందరి గారు పైకి వచ్చి, "మీరు రాకపోతే నేనే బిందె పట్టుకెళ్తానండీ" అంటే లేచింది. అదీ జనం తక్కువుండే మంగళవారం, తలమీద కొంగుతో.

గేటు దగ్గర తిమ్మప్ప ఆమెను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. అక్క అతను అడగకుండానే నీళ్ల సీసా తీసి అతని బల్లమీద పెట్టింది. ఖాళీ కొంగు విప్పి చూపించింది. "వద్దమ్మా, గట్ల చూపియ్యకు" అన్నాడు అతను.

ముగ్గు మళ్లీ పెట్టారు. రాయి శుభ్రంగా ఉంది. పసుపు ఆనవాలు లేదు. పక్కన తెల్లటి బోర్డు మీద పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు. అక్క టేపు గీతకు బాగా ఇవతల, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో మణికట్టు గట్టిగా పట్టుకుని నిలబడింది. నేను చదివాను.

"మా ఊరి బొడ్రాయికి మొదటి బిందె మా ఇంట్లకెళ్లే పోవాలె. నేను కొత్త కోడలిని. చేతులు వణికి సగానికెక్కువ నీళ్లు నా కాళ్లమీదనే పడ్డయి. అందరూ నవ్విండ్రు. మా అత్త నవ్వలే. ఇంకో బిందె తెచ్చిచ్చింది. ఈడ ఈ రాయిని చూస్తే ఎండిపోయి కనపడ్డది. ఇంత పెద్ద ఇంట్ల పెట్టిండ్రు గని నీళ్లు పోసే కోడలు లేదనుకున్న. పోసిన. ముగ్గు కరిగిపోయింది. కష్టపడి పెట్టిన పిలగాడు మళ్ల పెట్టుకున్నడట, ఆయనకు దండం. మీరు పోయకుండ్రి. చూసిపోయి మీ ఊరి రాయికి పోయుండ్రి."

దాని కింద: "చెప్పింది లచ్చమ్మ, గోపన్‌పల్లి. రాసింది హర్షిణి, ఆమె మనుమరాలు."

అక్క ఎవరో వస్తున్న అడుగుల చప్పుడుకు నా వెనక్కి జరిగింది. ఒక తల్లి, ఆఫీసు కార్డు మెడలో వేసుకుని, కూతురిని వేలు పట్టుకుని వచ్చింది. బోర్డు పైకి చదివి వినిపించింది. కాళ్లమీద నీళ్లు పడ్డచోట ఆ పాప కిలకిలా నవ్వింది.

"మమ్మీ, లచ్చమ్మ ఎవరు?"

ఆ తల్లి చుట్టూ చూసింది. గది చివర హర్షిణి ఉద్యోగుల కోటు వేసుకుని నిలబడి ఉంది. పక్కనే ఉమాశ్రీ గారు, ఇంకా ఇద్దరు పెద్దలు ఎవరో ఉన్నారు. నేను హర్షిణి ముఖమే చూస్తున్నాను. అది ఎర్రబడింది. మెడదాకా ఎర్రబడింది.

"మా నానమ్మ" అంది. ఆ తల్లికి వినపడలేదు. మళ్లీ అంది. "లచ్చమ్మ మా నానమ్మ! అదిగో, ఆడున్నది!"

గోడలకు తగిలి ఆ మాట గదంతా తిరిగింది. అందరూ ఇటు చూశారు. అక్క కొంగు ముఖమంతా లాక్కుంది, ఒక్క కన్ను మాత్రం బయట. నా భుజం చాటునుంచి అంది.

"నలుగురిల గంత గట్టిగ ఒర్రుతరా పిల్లా? నడు తమ్మీ, ఇంటికి పోదాం."

అంది కానీ కదల్లేదు. పాప దగ్గరికి వచ్చి ఆమె కాళ్లవైపు వంగి చూసింది, నీళ్లున్నాయేమోనని. అక్క తన పాదాలను చీర అంచు కిందికి దాచుకుంది.